లోతు లేని నీటిలో జెట్ బోటు: అడుగుభాగాన్ని ఎలా చూసుకోవాలి, ఎలా సరిచేసుకోవాలి

“మీ బోటు ఎంత లోతులో పోతుంది?” జెట్ బోటు (ప్రొపెల్లర్ బదులు, అడుగు నుంచి నీటిని పీల్చి వెనక్కి చిమ్మే పంపుతో నడిచేది) ఉన్నవాళ్లను ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న ఇదే. దీనికి ఒక్క అంకెతో జవాబు చెప్పేవాళ్లను నమ్మకండి. అంకెలు మూడున్నాయి: బోటు కదలకుండా ఉన్నప్పుడు ఎంత మునుగుతుంది, వేగంలో ఉన్నప్పుడు ఎంత మునుగుతుంది, నిలిచిన చోటి నుంచి బయల్దేరడానికి ఎంత లోతు కావాలి. అమ్మేవాళ్లు రెండోది చెబుతారు, ఎందుకంటే అదే అన్నిటికంటే చిన్నది. నదిలో మనల్ని ఇరికించేవి మాత్రం మొదటిదీ మూడోదీ.

ఈ మూడూ పంపు కంటే ఎక్కువగా బోటు అడుగు ఆకారం మీదే ఆధారపడతాయి. “కొత్త ఇంపెల్లర్ వేయించాను, అయినా తేడా లేదు” అన్నవాళ్ల బోట్లు చాలా చూశాను (ఇంపెల్లర్ అంటే పంపులో నీటిని నెట్టే రెక్కల చక్రం). ఎక్కువసార్లు తప్పు అడుగులోనే ఉంది. అందుకే పంపు విప్పే ముందు ఈ వరుసలో చూడండి. కొత్త బోటు కొనబోతున్నవాళ్లకూ ఇదే వరుస పనికొస్తుంది.

కావలసినవి

- కొలత టేపు, నీటిలో చెరగని మార్కర్
- రెండు మీటర్ల తిన్నని అల్యూమినియం పట్టీ (వంకర లేదని ముందు చూసుకోండి, కర్రది వద్దు, తడికి వంగుతుంది)
- ఫీలర్ గేజ్ (సన్నని ఖాళీలను కొలిచే రేకుల కట్ట)
- కోణం చూపించే యాప్, జీపీఎస్ వేగం చూపించే యాప్ ఉన్న ఫోన్
- ఆర్‌పీఎం మీటర్ (ఇంజన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతుందో చూపేది, బోటులో ఉన్నదే చాలు)
- పది సెంటీమీటర్లకొక గీత గీసిన పొడవాటి కర్ర
- నిండా సామానుతో బోటు బరువు (ట్రైలర్‌తో కలిపి తూకం వేయించి, ఖాళీ ట్రైలర్ బరువు తీసేయండి)
- తోడుగా ఇంకో మనిషి, ఇద్దరికీ లైఫ్ జాకెట్లు, ఇంజన్ ఆపే తాడు

ముందుగా ఒక హెచ్చరిక. ఇంజన్ నడుస్తుండగా పంపు నోటి (అడుగున నీరు లోపలికి వెళ్లే రంధ్రం) దగ్గర చేయి, తాడు, వదులు బట్ట ఏదీ పెట్టకండి. ఆ నోటికి ఉన్న జాలీలో ఇరుక్కున్న గడ్డి తీయడానికైనా సరే, ఇంజన్ ఆపి, తాళం చేతిలో పెట్టుకున్నాకే.

1. ముందు మీ నీటిని చూడండి

బోటు కంటే ముందు నది. మీరు తిరిగే చోట అడుగున ఇసుకా, గులకరాళ్లా, బండలా? లోతు లేని చోటు పది మీటర్లా, అర కిలోమీటరా? దానికి ముందూ వెనకా ఆగడానికి మడుగులున్నాయా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోండి. ఇసుక మేటలూ, పొడవాటి పలచని నీళ్లూ అయితే చదును అడుగుకు మార్కులు. బండలూ, సుడులూ, ఎదురు అలలూ అయితే ‘వి’ ఆకారపు అడుగుకు మార్కులు. రెండూ ఉంటే మధ్యస్థం. చాలామందికి ఈ మధ్యస్థమే సరిపోతుంది.

2. నిలబడి ఉన్నప్పటి మునకను కొలవండి

బోటును ప్రశాంతంగా ఉన్న నీటిలో పెట్టండి. మామూలుగా వెళ్లేటప్పుడు ఎంతమంది, ఎంత సామాను, ఎంత ఇంధనం ఉంటుందో అంతా ఎక్కించండి. నీరు తాకిన గీతను రెండు పక్కలా, ముందూ వెనకా మార్కర్‌తో గుర్తు పెట్టండి. బయటికి తీశాక ఆ గీత నుంచి అడుగున అన్నిటికంటే కిందున్న భాగం వరకు నిలువుగా కొలవండి. వెనక వైపు వచ్చిన అంకె ముఖ్యం, పంపు నోరు అక్కడే ఉంటుంది కాబట్టి.

ఇంకా కొనని బోటు అయితే లెక్క వేయవచ్చు. ఉదాహరణకు నిండా సామానుతో 1,000 కిలోల బోటు, నీటిని తాకే అడుగు 4 మీటర్ల పొడవు, 1.6 మీటర్ల వెడల్పు అనుకోండి. వైశాల్యం 6.4 చదరపు మీటర్లు. 1,000 కిలోలు మోయడానికి ఒక ఘనపు మీటరు నీటిని తొలగించాలి. అడుగు పూర్తి చదును అయితే 1 ÷ 6.4, అంటే దాదాపు 16 సెం.మీ. మునుగుతుంది. అదే బోటుకు 12 డిగ్రీల ‘వి’ (మధ్యగీత నుంచి అంచుకు అడుగు పలక లేచే కోణం) ఉంటే మధ్యగీత అంచుల కంటే 17 సెం.మీ. కిందికి ఉంటుంది. అందులో సగం, 8.5 సెం.మీ., మునకకు కలుస్తుంది. మొత్తం 24 సెం.మీ. పైచిలుకు. నిజం బోటు ముందు వైపు సన్నబడుతుంది కాబట్టి ఇంకాస్త పెరుగుతుంది, కానీ రెంటిని పోల్చడానికి ఈ లెక్క చాలు.

ఇదే లెక్కలో ఇంకో విషయం బయటపడుతుంది: అదనంగా ఎక్కిన ప్రతి 100 కిలోలకు ఈ బోటు ఒకటిన్నర సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. “ఒక్క మనిషేగా” అని ఎక్కించుకునేటప్పుడు గుర్తుంచుకోండి.

3. అడుగు కోణం కొలిచి, దానితో ఏమొస్తుందో ఏం పోతుందో తెలుసుకోండి

బోటు ట్రైలర్ మీద ఉండగా, వెనక చివర, మధ్యగీతకు ఎడమ పక్క పలక మీద అడ్డంగా ఫోన్ ఆనించి కోణం చూడండి. కుడి పక్కనా చూడండి. రెండూ కూడి సగం చేస్తే ట్రైలర్ ఒక పక్కకు ఒరిగి ఉన్నా లెక్క తప్పదు.

0–5 డిగ్రీలు: దాదాపు చదును. తక్కువ మునక, త్వరగా నీటి మీదికి లేస్తుంది (అంటే వేగం అందుకుని, నీటిని చీల్చకుండా దాని మీద జారుతుంది), చిన్న ఇంజన్‌తో సరిపెట్టుకోవచ్చు. కానీ మలుపులో పక్కకు జారుతుంది, చిన్న అలకే నడుం విరుగుతుంది. అన్నిటికంటే ఇబ్బంది ఇంకోటి: ముందు భాగం కింద దూరిన గాలి పక్కలకు పోవడానికి దారి లేక తిన్నగా వెనక్కి, పంపు నోట్లోకి వస్తుంది.

6–15 డిగ్రీలు: నదుల్లో తిరిగే బోట్లకు నేను సిఫారసు చేసేది ఇదే. గాలి పక్కలకు తప్పుకుంటుంది, మలుపులో పట్టు ఉంటుంది, మునక మరీ పెరగదు. ముందు వైపు ‘వి’ పదునుగా ఉండి వెనక్కి వచ్చేకొద్దీ పలచబడితే అలల్లోనూ కొంత సుఖం.

20 డిగ్రీలు దాటితే: అది లోతు నీటి బోటు. అలల్లో దానికి సాటి లేదు. కానీ లేవడానికి ఎక్కువ శక్తి కావాలి, ఆగితే బాగా దిగబడుతుంది. జెట్ బిగించినంత మాత్రాన అది నది బోటు అయిపోదు.

చదును అడుగు తీసుకున్నవాళ్లు తరచుగా మరచిపోయేది ఒరగడం. 1.6 మీటర్ల వెడల్పు చదును బోటు, మనుషులంతా ఒక పక్కన కూర్చుని 5 డిగ్రీలు ఒరిగితే ఆ పక్క అంచు మధ్యగీత కంటే 7 సెం.మీ. కిందికి పోతుంది. 16 సెం.మీ. అనుకున్న మునకలో ఇది చిన్న సంగతి కాదు. 12 డిగ్రీల ‘వి’ బోటు 10 డిగ్రీలు ఒరిగినా అంచు మధ్యగీత కంటే కిందికి రాదు. అంటే కాగితం మీద ఎక్కువ మునిగే బోటు, మలుపులో రాయి తగలకుండా పోవచ్చు.

4. చివరి ఒకటిన్నర మీటరును తిన్నని పట్టీతో పరీక్షించండి

ఈ మెట్టు దాటేయకండి. వేగంలో బోటు బరువంతా నిలబడేది అడుగులోని ఈ చివరి భాగం మీదే.

పంపు నోటికి పక్కగా, ముందు నుంచి వెనక్కి, పట్టీని అడుగుకు ఆనించండి. కుడి ఎడమ రెండు పక్కలా చేయండి. మూడు రకాల ఫలితాలు వస్తాయి.

- పట్టీ అంతటా ఆనితే మంచిది. ముందుకు సాగండి.
- రెండు చివర్లా ఆని మధ్యలో ఖాళీ ఉంటే అడుగు లోపలికి గుంత పడిందన్నమాట. వేగంలో ఇది వెనక భాగాన్ని పైకెత్తి ముక్కును కిందికి నొక్కుతుంది. ముక్కు దిగిన బోటు ఎక్కువ అడుగును తడుపుకుంటుంది, వేగం పోతుంది, ఇసుక మేట దగ్గర ముక్కుతో దున్నుతుంది.
- మధ్యలో ఆని పట్టీ అటూ ఇటూ ఊగితే అడుగు బయటికి ఉబ్బిందన్నమాట. వేగంలో బోటు గుర్రంలా ఎగిరెగిరి పడుతుంది. పైకి లేచిన ప్రతిసారీ పంపు గాలి మింగుతుంది, పడిన ప్రతిసారీ అడుగు కిందికి దిగుతుంది. లోతు లేని చోట రెండూ చెడ్డవే.

ఖాళీని ఫీలర్ గేజ్‌తో కొలవండి. రెండు మూడు మిల్లీమీటర్లే కదా అని వదలొద్దు. ఈ చోట అంత ఖాళీ కూడా వేగంలో తెలుస్తుంది. చాలాసార్లు ఈ గుంతకు కారణం నది కాదు, ట్రైలర్. వెనక చివర ఆసరా లేకుండా, ఒకే రోలర్ మీద బరువు పడేలా నెలల తరబడి నిలబెడితే అడుగు వంగుతుంది. ముందు ట్రైలర్ దుంగలు వెనక చివరి వరకు ఆనేలా సరిచేసి, తర్వాతే అడుగును బాగుచేయించండి. లేకపోతే మళ్లీ అదే కథ. ఫైబర్ బోటుకు గుంతను నింపి సానపట్టవచ్చు. అల్యూమినియానికి రేకు పని తెలిసిన వెల్డర్ కావాలి. సుత్తితో మీరే కొట్టకండి, ఒక గుంత పోయి నాలుగు వస్తాయి.

5. పంపు నోటి ముందు దారి శుభ్రంగా ఉందో లేదో చూడండి

జెట్ పంపుకు గాలి లేని, అల్లకల్లోలం లేని నీరు కావాలి. నోటి ముందు అడుగు మీద ఏ గీర, ఏ బొడిపె ఉన్నా దాని వెనక గాలి బుడగల తోక ఏర్పడుతుంది. నేల మీద పడుకుని, కన్ను అడుగు మట్టానికి తెచ్చి, ముక్కు వైపు నుంచి పంపు నోటి వైపు చూడండి. కనిపించాల్సింది నున్నటి పలక మాత్రమే.

వెతకాల్సినవి: అడుగు పొడవునా ఉండే గట్లు పంపు నోటికి తిన్నగా ఎదురుగా వచ్చి ఆగుతున్నాయా? నోటికి ఎదురుగా వచ్చే గట్లు అక్కడికి బాగా ముందే ఆగిపోవాలి, లేకపోతే గాలిని కాలువ తీసినట్టు నోట్లోకే నడిపిస్తాయి. పక్కల ఉన్న గట్లు మాత్రం మంచివే, బోటును ఎత్తుతాయి, మలుపులో పట్టిస్తాయి. పైకి తేలిన రివెట్లు, సాన పట్టని వెల్డింగు, పొరలు లేచిన పెయింటు కూడా చూడండి. పంపు నోటి అంచు, అడుగు పలక ఒకే మట్టంలో ఉన్నాయో లేదో వేలితో తడమండి. గోరు తగిలితే సానపట్టండి.

ఇది నాకు ఎలా తెలిసిందంటే, నా బోటుకు లోతు చూపించే పరికరం బిగించాను. అడుగున చక్కగా చదునుగా ఉన్న చోటు చూసి, పంపు నోటికి ఒక మీటరు ముందు సెన్సర్ పెట్టాను. ఆ రోజు నుంచి గంటకు ముప్పై కిలోమీటర్లు దాటగానే ఆర్‌పీఎం ఎగిరిపోయేది, బోటు మాత్రం ముందుకు లాగేది కాదు. రెండు రోజులు పంపు విప్పాను, బిగించాను, షాఫ్ట్‌ను అనుమానించాను. చివరికి మా మెకానిక్ అడుగు కింద టార్చి వేసి, ఆ సెన్సర్‌ను వేలితో తట్టి, నా వైపు చూసి నవ్వాడు. దాన్ని వెనక పలక మీదికి, నోటికి బాగా పక్కకు మార్చగానే జబ్బు పోయింది.

‘వి’ అడుగున్న మంచి జెట్ బోట్లలో మధ్యగీత వెనక చివర చిన్న త్రికోణపు చదును పలక ఉంటుంది. పంపు నోరు దానిలో కూర్చుంటుంది. పదునైన మధ్యగీత తిన్నగా నోటి దాకా వస్తే నీరు రెండుగా చీలి వస్తుంది. ఈ పలక దాన్ని సర్ది పంపుకు అందిస్తుంది. కొనేటప్పుడు ఇది ఉందా అని వంగి చూడండి.

ఔట్‌బోర్డ్ జెట్ (బోటు వెనక బయట తగిలించే ఇంజన్‌కు బిగించిన జెట్ పంపు) వాడేవాళ్లకు ఇంకో దారి ఉంది: అడుగులో సొరంగంలాంటి గాడి చేసి పంపును పైకెత్తడం. అప్పుడు పంపు నోరు అడుగు కంటే కిందికి రాదు, రాయి ముందు అడుగుకు తగులుతుంది కానీ పంపుకు కాదు. గాడి మరీ లోతుగా ఉంటే దాన్లోకి గాలి దూరుతుంది, మలుపులో మరీను. కాబట్టి ఎత్తును ఒక్కసారిగా కాకుండా కొద్దికొద్దిగా మార్చి, ప్రతిసారీ నడిపి చూడండి. ఔట్‌బోర్డ్ జెట్‌కు మారితే అదే ఇంజన్ ప్రొపెల్లర్‌తో ఇచ్చే శక్తిలో దాదాపు 30 శాతం వదులుకున్నట్టేనని మొదటే లెక్క వేసుకోండి.

6. బరువు సర్దండి

ఖర్చు లేని మరమ్మతు ఇది. బ్యాటరీ, ఇంధనం, లంగరు, మనుషులు అందరూ వెనకే ఉంటే బోటు లేవడానికి చాలా దూరం తీసుకుంటుంది, ఆ దూరమంతా వెనక భాగం నీటిలో దిగబడే ఉంటుంది. అన్నీ ముందుకు తెస్తే ముక్కు దిగి, బోటు తన ఇష్టం వచ్చినట్టు పక్కకు తిరుగుతుంది. కదిలించగలిగిన సామానును 20–30 కిలోల చొప్పున జరుపుతూ, ఎక్కడ పెడితే తక్కువ దూరంలో లేచి, ఎగిరెగిరి పడకుండా నడుస్తుందో చూడండి.

7. అడుగు దేనితో చేశారు

రాళ్లున్న చోట ఫైబర్ వద్దు. ఫైబర్ పగులుతుంది, అల్యూమినియం సొట్ట పడుతుంది. సొట్టతో ఇంటికి రావచ్చు. సముద్రపు రకం అల్యూమినియం (5083, 5086) వాడతారు. బండలున్న నదికి అడుగు పలక 6 మి.మీ. లేదా అంతకంటే మందం ఉంటే నిశ్చింత. దాని మీద జారుడు ప్లాస్టిక్ షీటు వేయించుకోవచ్చు, రాయి మీద సబ్బులా జారుతుంది. కానీ ఎండకు ఆ ప్లాస్టిక్ అల్యూమినియం కంటే చాలా ఎక్కువ సాగుతుంది. బోల్టు రంధ్రాలు బిగుతుగా ఉంటే ఉబ్బి అలలు తేలుతుంది, అప్పుడు నాలుగో మెట్టులో చూసిన జబ్బే మళ్లీ. రంధ్రాలు కోలగా, ముందు అంచు బాగా బిగించి ఉండాలి.

8. ముందు లోతు నీటిలో పరీక్ష, తర్వాతే పలచటి నీటిలో

నడుం లోతు దాటిన నీటిలో ప్రశాంతమైన చోట, మామూలు బరువుతో, ఇవి రాసుకోండి: నిలిచిన చోటి నుంచి బోటు పూర్తిగా లేవడానికి ఎన్ని సెకన్లు, ఎంత దూరం; లేచాక కిందికి దిగకుండా నిలబడే కనిష్ఠ వేగం ఎంత; మూడు నాలుగు ఆర్‌పీఎంల దగ్గర జీపీఎస్ వేగం ఎంత. ఎదురు ప్రవాహంలో ఒకసారి, ప్రవాహంతో ఒకసారి నడిపి సగటు తీయండి. ఏ మార్పు చేసినా మళ్లీ ఇవే కొలవాలి. ‘బాగా నడుస్తున్నట్టుంది’ అనేది కొలత కాదు.

ఇప్పుడు పలచటి నీరు. ఒక్క ముక్క సిద్ధాంతం తప్పదు. లోతు తగ్గేకొద్దీ నీటి మీద అల పరిగెత్తగల వేగం తగ్గుతుంది: మీటరు లోతులో గంటకు 11 కి.మీ., అర మీటరులో 8 కి.మీ., 30 సెం.మీ.లో 6 కి.మీ. మీ బోటు ఆ వేగానికి దగ్గరగా నడిస్తే అది లేపిన అల దాన్ని వదిలిపోదు. ముందు నీరు పోగై వెనక భాగం దిగబడుతుంది. ఆ వేగాన్ని బాగా దాటితే బోటు తేలికవుతుంది. చిన్న జెట్ బోటు పూర్తిగా లేచాక పది సెంటీమీటర్లు అటూ ఇటూ ఉన్న నీటిలోనూ జారిపోగలదు. కాబట్టి లోతు నీటిలో పూర్తిగా లేచి, అదే వేగంతో మేటను దాటి, అవతలి మడుగులో ఆగాలి.

దాటబోయే చోటును ముందుగా కాలినడకన, కర్రతో కొలవండి. మొదటిసారి ఇసుక మీదే, నీటిలో మనుషులు ఎవరూ లేని చోట ప్రయత్నించండి. బండల మీద ఎవరూ నేర్చుకోరు.

ఎక్కువగా చేసే తప్పులు

భయపడి థ్రాటిల్ తగ్గించడం. అందరూ చేసేది ఇదే, నేనూ చేశాను. నది అడుగు కనిపించేసరికి చేయి దానంతటదే వెనక్కి పోతుంది. బోటు కిందికి కూర్చుంటుంది, పంపు గులకరాళ్లు మింగుతుంది. పైగా జెట్ బోటుకు చుక్కాని ఉండదు. నీటిని చిమ్మే నాజిల్‌తోనే అది తిరుగుతుంది. థ్రాటిల్ వదిలేస్తే స్టీరింగ్ కూడా పోతుంది. ఎదురుగా అడ్డం కనిపిస్తే కొంత థ్రాటిల్ ఉంచి తిప్పాలి. దాటగలమన్న నమ్మకం లేకపోతే మేటకు ముందే, లోతులోనే ఆగిపోండి.

పలచటి నీటిలో నిలబడి ఫుల్ థ్రాటిల్ ఇవ్వడం. కదలని బోటులో పంపు నీటిని కింది నుంచి పీలుస్తుంది, దానితో పాటు ఇసుకనూ. వాటర్ స్కూటర్ల మాన్యువల్స్ అడుగు కింద కనీసం 60 నుంచి 90 సెం.మీ. నీరు ఉండాలంటాయి. అదే మొదట్లో చెప్పిన మూడో అంకె. ఇరుక్కుంటే ఇంజన్ ఆపి, దిగి, బోటును లోతు దాకా తోయండి.

నీటిలో ఉండగా పంపు మూత తెరవడం. కొన్ని బోట్లలో ఆ మూత నీటి గీతకు కాస్త పైనే ఉంటుంది. వెనక ఇద్దరు నిలబడితే అది గీత కిందికి వస్తుంది. తెరిచారంటే నది లోపలికి వస్తుంది.

తేడా కనిపిస్తే ఎక్కడ వెతకాలి

ఆర్‌పీఎం ఉన్నట్టుండి ఎగిరి, లాగుడు పోయి, మళ్లీ వస్తుంటే, అదీ మలుపుల్లో, అలల మీద ఎక్కువైతే, అది గాలి. నాలుగు, ఐదు, ఆరు మెట్లు మళ్లీ చూడండి. నిలిచిన చోటి నుంచి థ్రాటిల్ ఇవ్వగానే పంపులో గులకరాళ్లు దొర్లుతున్నట్టు చప్పుడొచ్చి ముందుకు పోకపోతే, జాలీకి గడ్డో ప్లాస్టిక్ సంచో అడ్డుపడి ఉంటుంది. ఏ వేగంలోనైనా ఒకేలా, వారాల తరబడి నెమ్మదిగా ఆర్‌పీఎం పెరుగుతూ వేగం తగ్గుతూ ఉంటే అది అరుగుదల. ఇంజన్ ఆపి, తాళం తీసి, ఇంపెల్లర్ రెక్క చివరకూ చుట్టూ ఉన్న రింగుకూ మధ్య నాలుగు చోట్ల ఫీలర్ గేజ్ పెట్టి చూడండి. మీ పంపు పుస్తకంలో ఇచ్చిన హద్దు దాటితే సర్దాలి లేదా రింగు మార్చాలి. నాలుగు చోట్లా ఒకే అంకె రాకపోతే రింగు కంటే ముందు షాఫ్ట్ బేరింగ్ చూడమని మెకానిక్‌కు చెప్పండి.